దిండి గుడారాల బస: సభ్యులకు సూచనలు

సభ్యులందరికీ నమస్కారం. సంక్రాంతి తరువాతి శనివారం రాత్రి దిండి సమీపంలో, గోదావరి పాయ అయిన వశిష్ఠ గట్టు పక్కనున్న కొబ్బరితోటలో బస చేయడానికి యజమాని గారు అంగీకరించారు. రాజమహేంద్రవరం నుంచి రావులపాలెం మీదుగా బయలుదేరి, వెలుతురు ఉండగానే చేరుకోవాలి.

గుడారం వేసే చోటు విషయంలో పట్టింపుగా ఉందాం. నీడ బాగుందని కొబ్బరిచెట్టు కింద ఎవరూ వేయవద్దు. గాలి లేకపోయినా ఎండుమట్టలు, ముదిరిన కాయలు రాలుతుంటాయి, పలుచని గుడ్డ వాటిని ఆపలేదు. కాయల దింపు ఈమధ్యనే అయిందని తోటవారు చెప్పినా ఎడంగానే ఉండడం మేలు. అక్కడి గోదావరికి సముద్రపు పోటు తగులుతుంది, అమావాస్య, పౌర్ణమి రోజుల్లో మరింత పైకి వస్తుంది కాబట్టి, సాయంత్రం పొడిగా కనిపించే ఒడ్డును నమ్మకుండా గట్టుకు లోపలి వైపే వేసుకుందాం. ఇసుక నేలలో మేకులు నిలవవు. తాళ్లు కట్టడానికి ఖాళీ గోనెసంచులు తెస్తే ఇసుక నింపి పాతుకోవచ్చు.

తెల్లవారుజామున మంచు బాగా కురుస్తుంది. పైకప్పు గుడ్డ తప్పనిసరి, అయినా కిటికీ కొద్దిగా తెరిచే ఉంచాలి, లేకపోతే మన ఊపిరి తేమే లోపల బొట్లుగా కారుతుంది. చలి ఎంతైనా బొగ్గుల కుంపటిని లోపలికి తేవద్దు. వాసన తెలియని కార్బన్ మోనాక్సైడ్ నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఆత్రేయపురం పూతరేకులు తెచ్చేవారికి అభ్యంతరం లేదు గాని, గట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టండి, చీమలకు మనకంటే ముందే తెలుస్తుంది. తాగునీటి టిన్నులు సమష్టిగా కొంటాం. ఎవరెవరు వస్తున్నారో, ఎవరి దగ్గర గుడారం ఉందో బుధవారం లోపు ఇక్కడే తెలియజేయగలరు.