ఆ ఫోటోలో జరిగింది పెళ్లి కాదు, పెళ్లి ఈ నెలాఖరున

మా లేసు కొట్టు కస్టమర్లందరికీ నమస్కారం.

క్రిస్మస్ సీజను వెయిళ్ల (పెళ్లికూతురు తలమీద వేసుకునే లేసు ముసుగుల) కోసం నవంబరులో నర్సాపురంలోని ఒక చర్చిలో ఫోటోలు తీయించాం. వాటిలో ఒకటి మీలో చాలామందికి చేరే ఉంటుంది. తెల్ల వెయిల్ వేసుకున్న అమ్మాయి, పక్కన కోటులో అబ్బాయి, ఎదురుగా చెయ్యెత్తిన పాస్టరు గారు. ఎవరో దాని కింద "నూతన వధూవరులకు శుభాకాంక్షలు" అని రాసి వాట్సాప్‌లో పెట్టారు. అప్పట్నుంచి ఆర్డరు కోసం ఫోన్ చేసినవాళ్లు కూడా ముందు ఆ పెళ్లి సంగతే అడుగుతున్నారు. అందుకే అందరికీ ఒకేసారి చెబుతున్నాను. వాళ్లిద్దరూ సరేనన్నాకే రాస్తున్నాను, పేర్లు మాత్రం రాయను.

ఆ రోజు జరిగింది పెళ్లి కాదు. ఫోటోలకు రావాల్సిన అమ్మాయికి జ్వరం వచ్చింది. మా దగ్గర విడివిడిగా అల్లిన లేసు పువ్వుల్ని కలిపి కుట్టే అమ్మాయి వెయిల్ పెట్టె పట్టుకుని అక్కడే ఉంది, నేను అడిగితే కాదనలేదు. అబ్బాయి ఎలక్ట్రీషియన్. చర్చి మీద నక్షత్రం కట్టడానికి గోదావరి అవతలి సఖినేటిపల్లి నుంచి పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) మీద వచ్చాడు. లైటు ఎలా పడుతోందో చూసుకోవడానికి ఫోటోగ్రాఫర్ తన కోటే అతనికి తొడిగి పక్కన నిలబెట్టాడు. పాస్టరు గారు ఆశీర్వదించడం లేదు. నిచ్చెన ఫోటోలో పడుతోంది, అవతలికి జరపండని కుర్రాళ్లకి చెయ్యి చూపిస్తున్నారు. ఫోటో పెద్దది చేసి చూడండి, అబ్బాయి మణికట్టుకి నల్ల ఇన్సులేషన్ టేపు చుట్ట కనబడుతుంది.

దీనివల్ల ఆ పిల్ల పడ్డ ఇబ్బంది చిన్నది కాదు. చూడ్డానికి వస్తామన్న ఒక సంబంధం వాళ్లు మళ్లీ ఫోన్ చెయ్యలేదు. వాళ్ల పిన్ని కువైట్‌లో పనిచేస్తుంది. "నాకొక్క మాటైనా చెప్పలేదేం అక్కా" అని ఫోన్లో ఏడ్చి, ఆ మర్నాడే పుస్తెలకని డబ్బు పంపేసింది. కాదని ఎంత చెప్పినా, పంపినది వెనక్కి తీసుకోనంది. పంటు మీద అబ్బాయిని "ఏం అల్లుడూ, అత్తారింటికేనా" అని పలకరించేవారు. ఈ మాటల్లో కొన్ని ప్రేమతో అన్నవే, కాదనను. కానీ ఒక ఆడపిల్లకి పెళ్లయిందో లేదో ఫార్వర్డు మెసేజీ తేల్చకూడదు.

చాలాకాలంగా మా దగ్గర కొంటున్న ఒక పెద్దావిడ అడిగారు: "చర్చిలో, పాస్టరు గారి ఎదురుగా, వెయిల్ వేసుకుని నిలబడ్డాక కాలేదంటే ఎలాగమ్మా?" ఆవిడకి చెప్పిందే మీకూ చెబుతున్నాను. క్రైస్తవ వివాహాలకు మన దేశంలో 1872 నాటి చట్టం ఉంది. పెళ్లి జరిపించే అధికారం ఉన్నవాళ్లు జరిపించాలి, వాళ్లు కాక కనీసం ఇద్దరు సాక్షులుండాలి, రిజిస్టరులో సంతకాలు పడాలి. ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప ఉదయం 6 నుంచి సాయంత్రం 7 లోపే జరగాలి. మేం ఫోటోలు తీసింది రాత్రి 8 దాటాక. పైగా మా వైపు చాలా చర్చిల్లో ముందు మూడు ఆదివారాలు పెళ్లి ప్రకటన చదువుతారు, అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పుకోవచ్చు. హిందూ పెళ్లిళ్ల విషయంలోనూ, తంతు జరగకుండా సర్టిఫికెట్ ఒక్కటే ఉంటే పెళ్లి అయిపోదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. కథల్లో ఏమో గానీ, మన ఊళ్లో పొరపాటున పెళ్లయిపోవడం అంత తేలిక కాదు.

ఇక మీరందరూ అడుగుతున్న రెండో సంగతి. అవును, వాళ్లిద్దరూ పెళ్లి చేసుకుంటున్నారు.

ఆ గొడవైన వారమే అబ్బాయి వాళ్లమ్మని వెంటబెట్టుకుని అమ్మాయి ఇంటికి వెళ్లాడు, ఇందులో తన ప్రమేయం లేదని చెప్పడానికి. వసారాలో నలుగురు ఆడవాళ్లు లేసు అల్లుతున్నారట. అబ్బాయి వాళ్లమ్మ కూడా ఒకప్పుడు అల్లినావిడే. మాటల్లో మాటగా సూది అందుకుని ఓ వరస అల్లేసింది. తలమీద బల్బు ఆగి ఆగి వెలుగుతుంటే అబ్బాయి హోల్డరు మార్చిపెట్టాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో వైరింగు పనులు చాలానే బయటపడ్డాయి.

పెద్దవాళ్లు "ఎలాగూ ఊరంతా అనేసుకుంది, చేసేస్తే పోలా" అన్నారు. అమ్మాయి ఒప్పుకోలేదు. "ఊరు అనుకుందని నేను చేసుకోను మేడం, ఆయన అసలు నన్ను అడగనే లేదు" అంది నాతో. నేను ఆ మాటకే నిలబడమన్నాను. కొన్నాళ్లకి అతను మా కొట్లో ఫ్యాను బాగుచెయ్యడానికి వచ్చాడు. ఆ పిల్ల ఉతికి గంజి పెట్టిన వెయిల్‌ని బల్లమీద పరిచి, అంచు మడత పడకుండా గుండుసూదులు గుచ్చుతోంది. "ఫోటో సంగతి వదిలెయ్యండి, నేను మీకు ఇష్టమేనా?" అని అడిగాడు. తను తలెత్తకుండా ఆ అంచంతా గుచ్చడం పూర్తిచేసి, "ఈ మాట ముందే అడగాల్సింది" అంది. నేను అక్కడే ఉన్నాను, నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

మొదటి ప్రకటన మొన్న ఆదివారం చదివారు. పెళ్లి క్రిస్మస్ వెళ్లాక, ఈ నెలాఖరున. ధనుర్మాసంలో హిందూ ముహూర్తాలుండవు కాబట్టి కళ్యాణ మండపం కూడా తేలిగ్గా దొరికింది.

ఫోటోలో ఉన్న వెయిల్ కావాలని చాలామంది అడిగారు. అది అమ్మను, ఆ పిల్లకి ఇచ్చేశాను. నర్సాపురానికి లేసు అల్లకం 1844లో మిషనరీలైన మెక్రే దంపతులతో వచ్చిందని చెబుతారు. 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. ఇంతకాలంగా ఇక్కడి ఆడవాళ్లు అల్లినవి ఎక్కడెక్కడి దేశాలకో వెళ్తుంటే, అల్లినవాళ్ల ఇళ్లలో పెళ్లికి మాత్రం అద్దె వెయిల్ తెచ్చుకోవడం నేను చూస్తూనే ఉన్నాను. ఆ వెయిల్‌లో పైనాపిల్ పువ్వులు అల్లింది వేరే వేరే ఇళ్ల ఆడవాళ్లు, అన్నిటినీ కలిపి కుట్టింది ఈ అమ్మాయే. తను కుట్టింది తనే వేసుకోవాలి.

ఆ డిజైనులోనే మీకు కొత్తవి చేసిస్తాం, కానీ క్రిస్మస్‌కి అందవు. పువ్వులన్నీ చేత్తో అల్లి, కలిపి, ఉతికి, గంజి పెట్టాలి. తొందరపెడితే రాత్రిళ్లు కళ్లు పొడుచుకునేది అల్లేవాళ్లే. మిషన్ లేసు ధరకి ఇమ్మని అడగకండి, అలా ఇస్తే ఆ తగ్గింపు వాళ్ల కూలిలోంచే పోతుంది. కొత్త ఆర్డర్లు సంక్రాంతి వెళ్లాక తీసుకుంటాను. ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చినవాళ్ల సరుకు క్రిస్మస్ లోపే అందుతుంది.

ఆ ఫోటో వల్ల గిరాకీ పెరిగిన మాట నిజమే, అయినా మా బోర్డుల మీద నుంచి తీసేశాను. మీ ఫోన్లలో ఉంటే దయచేసి ఇంకెవరికీ పంపకండి. అసలు పెళ్లి ఫోటో వాళ్లు ఇస్తే అప్పుడు పెడతాను.

పెళ్లి రోజున కొట్టు తెరవం, అల్లేవాళ్లందరం అక్కడే ఉంటాం. ఆ వారంలో పార్సిల్ తీసుకోవాల్సినవాళ్లు ముందే ఫోన్ చేసి రండి.