అవి నూనె కవళ్లు కావు

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో సముద్రపు చేపల వ్యాసం బాగుంది కానీ, 'నూనె కవళ్లు' అని వేసిన ఫొటోలోవి నూనె కవళ్లు కావు. మిర్యాలగూడలో కూర్చుని సముద్రం గురించి చెప్తోందేమిటని నవ్వుకోకండి. మా వైపు సాగర్ బొచ్చెలు, రవ్వలే ఎక్కువైనా ఐసు పెట్టెల్లో కవళ్లూ వస్తాయి. జువాలజీ పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, చేతిలోకి తీసుకుని తిప్పి చూడందే కొనను.

నూనె కవళ్లు, అంటే శాస్త్రీయ నామంలో సార్డినెల్లా లాంజిసెప్స్, ఒళ్లు గుండ్రంగా, తల పొడుగ్గా ఉంటాయి. మొప్ప మూత వెనక అంచున నల్లమచ్చ కనిపిస్తుంది. మీ ఫొటోలోని చేపకు ఒళ్లు పక్కల నుంచి నొక్కినట్టుంది, వీపు రెక్క మొదట్లో నల్లచుక్క ఉంది, పక్కన బంగారు గీత ఉంది. నాకైతే కవళ్లలోనే మరో రకం, సార్డినెల్లా గిబ్బోసాలా అనిపించింది. గీతనొక్కదాన్నే నమ్ముకుంటే కష్టం. నూనె కవళ్లకూ లేత పసిడి గీత ఉంటుంది, పైగా ఐసులో నలిగి పొలుసులు రాలాక ఏదీ సరిగా తెలియదు. అప్పుడు పొట్ట కింది జత రెక్కల్లో ఒకదాన్ని సూదితో మెల్లగా విప్పి, రెక్కను నిలబెట్టే సన్నని పుల్లలు లెక్కపెట్టాలి. నూనె కవళ్లకు 9, గిబ్బోసాకు 8. నూనె కవళ్లని తేల్చడానికి పొట్ట అంచు రంపంలా గరుగ్గా ఉంటే చాలంటారు కొందరు. ఆ మాటకొస్తే పులసకూ అంతే!

ఈసారి రెక్కలు విప్పి, పక్క నుంచి తీసిన ఫొటో వేయండి. పక్కన స్కేలు పెడితే ఇంకా మేలు.

- ఒక పాఠకురాలు, మిర్యాలగూడ