ప్రజల కంప్యూటర్లు అందరి చేతికీ, అందరి కంటికీ అందాలి

సంపాదకుల వారికి,

నమస్కారం. కావలిలో చాలా ఏళ్లుగా టైపు, కంప్యూటర్ నేర్పుతున్నాను. గ్రామ, వార్డు సచివాలయాల్లో, గ్రంథాలయాల్లో ప్రజల కోసం పెట్టిన కంప్యూటర్ల గురించి, వాటిలో మనం తెరిచే ప్రభుత్వ వెబ్‌సైట్ల గురించి ఈ లేఖ రాస్తున్నాను. వాటిని తయారు చేసేవాళ్లు, అమర్చేవాళ్లు ఒకే రకం మనిషిని మనసులో పెట్టుకున్నట్టు కనిపిస్తోంది. ఆ మనిషికి చూపు బాగుంటుంది, చెయ్యి వణకదు, కుడిచేతి వాటం. మిగిలినవాళ్లు ఇంకొకరిని బతిమాలుకోవాల్సిందే.

మా దగ్గర నేర్చుకునే ఒక అమ్మాయిది ఎడమచేతి వాటం. మౌస్ సెట్టింగ్‌లో ఒక్క మార్పు చేస్తే ఎడమ బటన్ పని కుడి బటన్‌కు వస్తుంది, ఎడమ చేతి చూపుడువేలు హాయిగా నొక్కుతుంది. మా ఇన్‌స్టిట్యూట్‌లో ఆ అమ్మాయి అలాగే పని చేస్తుంది. పోటీ పరీక్షలకు చదువుకోవడానికి వెళ్లే చోట మాత్రం సెట్టింగ్స్ పేజీనే తెరుచుకోదు. అడిగితే, వైరస్ వస్తుందని లాక్ చేశామన్నారు. బయటి సాఫ్ట్‌వేర్ ఎక్కించకుండా తాళం వేయడం మంచిదే, నేనూ వేస్తాను. అక్షరాల సైజు పెంచితేనో, మౌస్ బటన్ మారిస్తేనో వైరస్ రాదు. ఈ రెండు తాళాలూ వేరు. ఆ తేడా కంప్యూటర్లు అమర్చేవాళ్లకు తెలియనిది కాదు, వాళ్లను ఎవరూ అడగడం లేదు.

ఇప్పుడున్న విండోస్ కంప్యూటర్లలో అదనంగా రూపాయి ఖర్చు లేకుండా ఎన్ని సదుపాయాలున్నాయో చెబుతాను. విండోస్ కీతో పాటు యూ నొక్కితే అవన్నీ ఒకేచోట కనిపిస్తాయి. మౌస్ బాణం ఎక్కడుందో వెతుక్కునేవాళ్లు దాన్ని పెద్దది చేసుకోవచ్చు, పసుపు రంగులోకి మార్చుకోవచ్చు. విండోస్ కీ, ప్లస్ కలిపి నొక్కితే భూతద్దం వస్తుంది. వెబ్ పేజీ మాత్రమే పెద్దగా కావాలంటే కంట్రోల్, ప్లస్ చాలు, కంట్రోల్, సున్నాతో మళ్లీ మామూలుగా అయిపోతుంది. చెయ్యి వణికేవాళ్లకు ఎడమవైపు ఆల్ట్, ఎడమవైపు షిఫ్ట్, నమ్‌లాక్ మూడూ కలిపి నొక్కే ఏర్పాటు ఉంది. దాంతో కుడివైపు అంకెల కీలే మౌస్ అవుతాయి. ఎనిమిది నొక్కితే బాణం పైకి, రెండు నొక్కితే కిందికి వెళ్తుంది, అయిదు నొక్కితే క్లిక్. ఒక చేత్తోనే పని చేసుకునేవాళ్లు షిఫ్ట్‌ను వరసగా అయిదుసార్లు నొక్కితే, కీలను ఒకేసారి పట్టుకోకుండా ఒకటి తర్వాత ఒకటి నొక్కే వీలు వస్తుంది. పెన్షన్ పనుల మీద వచ్చే పెద్దవాళ్లకు అక్షరాలు పెద్దవి చేసి చూపిస్తే, "ఇది ముందే ఎవరూ చెప్పలా అయ్యా" అంటారు. వాళ్లకు బాధగా ఉంటుంది, నాకూ బాధే.

కంప్యూటర్ సరిగా ఉన్నా వెబ్‌సైట్ సహకరించకపోతే ఉపయోగం లేదు. పుట్టిన తేదీ దగ్గర టైపు చేయనివ్వని పేజీలు ఇప్పటికీ ఉన్నాయి. క్యాలెండర్ తెరుచుకుంటుంది, అదేమో ఈ నెలలో నిలబడి ఉంటుంది. 1958లో పుట్టిన మనిషి నెలనెలా వెనక్కి వెళ్లాలంటే 800 సార్లకు పైగా నొక్కాలి. పైనున్న సంవత్సరం మీద క్లిక్ చేస్తే పాత సంవత్సరాలు వస్తాయని తెలిసినవాళ్లు బయటపడతారు. ఆ వీలు కూడా లేని పేజీలు చూశాను. ఈలోగా సెషన్ అయిపోయిందని మొదటికి తెస్తుంది, పెద్దవాళ్లకు ఎంత టెన్షన్!

జిల్లాల జాబితా సంగతీ అంతే. కీబోర్డుతో ఎన్ అక్షరం నొక్కితే నంద్యాల, ఎన్టీఆర్ జిల్లాలు వస్తాయి. మన జిల్లా చాలా జాబితాల్లో ఎస్ దగ్గర ఉంటుంది. 2008 నుంచి మనది శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా, ఆ మహనీయుడి పేరు మనకు గర్వకారణం. నెల్లూరు అని టైపు చేసినా అదే జిల్లా దొరికేలా చేయడం ప్రోగ్రామర్‌కు పెద్ద పని కాదు. గడి నుంచి గడికి ట్యాబ్ కీ నొక్కుతూ పోయేవాళ్లకు ఇప్పుడు ఏ గడిలో ఉన్నామో తెలిపే గీత కూడా కొన్ని సైట్లలో కనిపించదు, అందం కోసం తీసేస్తారు. చూపు లేనివాళ్లు మౌస్ వాడరు. స్క్రీన్ రీడర్ చదివేది వింటూ కీబోర్డుతోనే ముందుకు వెళ్తారు. ట్యాబ్ చేరలేని బటన్ వాళ్లకు లేని బటనే.

ఇవన్నీ దయతో చేయాల్సిన పనులు కావు. ప్రభుత్వ వెబ్‌సైట్లు ఎలా ఉండాలో కేంద్రం 2009లోనే మార్గదర్శకాలు ఇచ్చింది, 2023లో వాటి మూడో వెర్షన్ తెచ్చింది. మౌస్ లేకుండా కీబోర్డుతోనే మొత్తం పని జరగాలన్నది వాటిలో ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఉంది. దాని కింద సదుపాయాల గురించి వచ్చిన నిబంధన సలహాలా ఉంటే సరిపోదని, తప్పనిసరి ప్రమాణాలు పెట్టాలని 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణ ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని 2025 ఏప్రిల్ 30న మరో తీర్పులో స్పష్టం చేసింది.

సచివాలయాల్లో పని చేసే పిల్లల మీద నాకు ఫిర్యాదు లేదు. 2019 అక్టోబర్ 2న ఈ వ్యవస్థ మొదలైనప్పటి నుంచి వాళ్ల మీద పడిన పని అంతా ఇంతా కాదు. రోజంతా కీబోర్డు మీంచి మౌస్ మీదికి, మౌస్ మీంచి కీబోర్డు మీదికి చెయ్యి మారుస్తూ మణికట్టు నొప్పులు తెచ్చుకుంటున్నారు. ట్యాబ్‌తో ముందు గడికి, షిఫ్ట్, ట్యాబ్‌తో వెనక గడికి, స్పేస్‌బార్‌తో టిక్కు పెట్టడం నేర్పితే వాళ్ల చేతులకూ, బయట వరసలో నిలబడినవాళ్ల కాళ్లకూ మేలు. ఇందుకు ఒక పూట శిక్షణ చాలు. పిలిస్తే నాలాంటి టైపు టీచర్లు ఉచితంగా వచ్చి చెబుతారు, నేను వస్తాను.

నెల్లూరు, ఒంగోలు కలెక్టర్లకు నాదొక విన్నపం. గ్రంథాలయాల్లో, సచివాలయాల్లో అక్షరాల సైజు, మౌస్, కీబోర్డు సెట్టింగులకు వేసిన లాక్ తీయమని ఆదేశించండి. కొత్త సేవ ఏది వచ్చినా ప్రజలకు ఇచ్చేముందు మౌస్ తీగ పీకేసి, ఒక ఆదాయ ధ్రువపత్రం దరఖాస్తు మొదటి నుంచి చివరిదాకా కీబోర్డుతో నింపించి చూడండి. ఎక్కడ ఆగిపోయిందో రాసి సాఫ్ట్‌వేర్ చేసినవాళ్లకు పంపించండి. ఆ పరీక్షకు చూపు లేని ఒకరిని, చెయ్యి వణికే ఒక పెద్దాయననో పెద్దమ్మనో కూడా పిలవండి.

ఇట్లు,
ఒక టైపు టీచర్, కావలి