చదివే పద్ధతి నేర్పించండి: జిల్లా విద్యాశాఖాధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన విద్యాశాఖాధికారి గారికి నమస్కారాలు.

బడిలో పిల్లలకు చదివే పద్ధతి నేర్పించమని మీ కార్యాలయంలో రెండుసార్లు అర్జీ ఇచ్చాను. జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందు రాస్తున్నాను.

మా అమ్మాయి పదో తరగతిలో లెక్కలు కూడా గైడు చూసి బట్టీ పట్టేది. ప్రశ్నలో అంకెలు మారితే పెన్ను ఆగిపోయేది. "నాన్నా, లెక్కలు నా వల్ల కావు" అని ఇంటర్‌లో లెక్కలు లేని సీఈసీ (సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్) గ్రూపులో చేరింది. సీఈసీ తక్కువని కాదండీ, ఇష్టపడి చేరలేదన్నదే నా బాధ. తర్వాత ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు పుస్తకం మూసి గుర్తుచేసుకోవడం, తప్పులకు వేరే నోటుబుక్కు పెట్టుకోవడం నేర్పారు. రెండు నెలల్లో అవే లెక్కలు చేసి చూపించింది. అప్పటికే పాలిటెక్నిక్ సీట్లు నిండిపోయాయి.

చదివే పద్ధతి తెలియకపోతే పిల్లలు తమకు తెలివే లేదనుకుంటారు. ఆ లెక్కతోనే గ్రూపు ఎంచుకుంటారు.

ఎనిమిదో తరగతి నుంచే వారానికి ఒక పీరియడు ఇందుకు కేటాయించండి. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష అయిన పాలిసెట్ దరఖాస్తుల గడువుకు ముందే ఇంటర్ గ్రూపులు, పాలిటెక్నిక్, ఐటీఐల గురించి తల్లిదండ్రులకూ చెప్పించండి. ఈ నెలాఖరులోగా లిఖితపూర్వకంగా జవాబివ్వాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విద్యార్థిని తండ్రి