మిసిసిపీని గెలిచింది పాత పడవలే

సంపాదకుడి గారికి,

నమస్కారం. గత ఆదివారం మీ అనుబంధంలో అమెరికా అంతర్యుద్ధం మీద వచ్చిన వ్యాసం చదివాను. మిసిసిపీ ఒడ్డున విక్స్‌బర్గ్ ముట్టడి గురించి, ఉత్తరాది సేనాని జనరల్ గ్రాంట్ గురించి బాగా రాశారు. కానీ మిసిసిపీ నది మీద జరిగినదంతా ‘నౌకాదళం సాయంతో’ అని రెండు ముక్కల్లో తేల్చేశారు. అది కూడా పూర్తిగా నిజం కాదు. 1862 అక్టోబరు 1 దాకా అక్కడి ఉత్తరాది పడవల దండు సైనిక శాఖ సొత్తు. పడవలు సైన్యానివి, నడిపించే అధికారులు నౌకాదళం వారు. అత్తవారింట్లో అల్లుడి పెత్తనంలాంటి ఏర్పాటు. దండు నౌకాదళానికి దఖలు పడేనాటికే దక్షిణాది వారి కోట ఫోర్ట్ హెన్రీ లొంగిపోయింది, మెంఫిస్ పట్టణం చేతికొచ్చింది.

నౌకాదళం అనగానే మనకు విశాఖ తీరంలో కనిపించే యుద్ధనౌకలు గుర్తుకొస్తాయి. నదిలో అలాంటివి ఇసుక మేట తగిలితే కదలవు. అందుకే 1861లో కమాండర్ జాన్ రోడ్జర్స్ సిన్సినాటీ వెళ్లి టైలర్, లెక్సింగ్టన్, కోనెస్టోగా అనే మూడు ఆవిరి పడవలు కొన్నాడు. అంతవరకూ జనాన్నీ సరుకునూ మోసిన పడవలవి. బాయిలర్లను కిందికి దించి, పక్కలకు 5 అంగుళాల మందం ఓకు పలకలు బిగించారు. ఇనుప రేకు లేదు. ఆ చెక్క తుపాకి గుండును ఆపుతుంది కానీ ఫిరంగి గుండును ఆపలేదు. అయినా 1862 ఏప్రిల్‌లో షైలో దగ్గర గ్రాంట్ సైన్యం వెనక్కి తగ్గుతూ నది ఒడ్డుకు చేరిన రోజున, టైలర్, లెక్సింగ్టన్ రాత్రంతా శత్రువుల విడిది మీద గుండ్లు కురిపించాయి.

ఇనుప తొడుగు పడవల కాంట్రాక్టు సెయింట్ లూయిస్‌కు చెందిన జేమ్స్ ఈడ్స్‌కు దక్కింది. అంతకుముందు ఆయన పని మునిగిన పడవల్లోంచి సరుకు పైకి తీయడం. గంట ఆకారపు తొట్టిలో దిగి నది అడుగున నడిచిన మనిషి. 65 రోజుల్లో ఏడు పడవలు ఇస్తానని ఒప్పుకున్నాడు. గడువు దాటింది, సర్కారు సొమ్మూ ఆలస్యంగానే వచ్చింది. కాంట్రాక్టుల సంగతి ఎక్కడైనా ఒకటే! ఒక్కోటి 175 అడుగుల పొడవు, 51 అడుగుల వెడల్పు, 13 ఫిరంగులు. ఇంత బరువుతోనూ 6 అడుగుల నీటిలో తేలేవి. వాలు గోడల ఆకారం చూసి జనం వాటికి తాబేళ్లని పేరు పెట్టారు. వీటికి తోడు నదిలో పడిన మొద్దులను తీసే పడవకు ఇనుము తొడిగి బెంటన్ అన్నారు. రేవు దాటించే పడవ ఒకటి ఎసెక్స్ అయింది. ఫోర్ట్ హెన్రీ పోరులో ఈ ఎసెక్స్ బాయిలర్‌కే గుండు తగిలింది. పైన దారి చూపే గదిలో నిలబడ్డ ఇద్దరు పైలట్లు ఆవిరికి కాలిపోయి చనిపోయారు. పైలట్ అంటే నది మలుపులన్నీ తెలిసినవాడు, మన లాంచీ సరంగు లాంటివాడు.

ఇంజిను లేని తెప్పలు కూడా ఆ దండులో ఉండేవి. ఒక్కో తెప్ప మీద 13 అంగుళాల నోరున్న మోర్టార్, అంటే గుండును ఎత్తుగా విసిరే పొట్టి ఫిరంగి, ఒకటి. పేలే ముందు సిబ్బంది వెనుక తలుపులోంచి బయటికి పోయి, చెవులు దక్కించుకోవడానికి నోళ్లు తెరుచుకుని నిలబడేవారు. చార్లెస్ ఎలెట్ అనే సివిల్ ఇంజనీరు పాత పడవల ముక్కులను దుంగలతో గట్టిచేసి, ఫిరంగుల మీద ఆధారపడకుండా గుద్దడానికే సిద్ధం చేశాడు. 1862 జూన్ 6న మెంఫిస్ జనం గట్టు మీద నిలబడి చూస్తుండగా ఆ పడవలు దక్షిణాది దండును గుద్దాయి. దక్షిణాది ఎనిమిది పడవల్లో తప్పించుకున్నది ఒక్కటే. గాయపడిన ఎలెట్ అదే నెలలో కన్నుమూశాడు.

ఆ దక్షిణాది పడవలకు కవచం ఏమిటో తెలుసా? పత్తి. గట్టిగా నొక్కిన బేళ్లను రెండు చెక్క గోడల మధ్య దట్టించారు. ఉత్తరాది ఓడలు రేవులను దిగ్బంధించడంతో బయట అమ్ముకోలేని సరుకును తమ ప్రాణాలకు అడ్డం పెట్టుకున్నారన్నమాట.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్న పడవలో గొప్ప ఫిరంగుల దండేమీ లేదు. రెడ్ రోవర్ అనే పడవను దక్షిణాది వారి నుంచి పట్టుకుని ఆసుపత్రిగా మార్చారు. పొగగొట్టాల నుంచి రాలే నిప్పు రవ్వలు రోగుల మీద పడకుండా కిటికీలకు పల్చటి జాలీ గుడ్డ కట్టారు. అమెరికా నౌకాదళానికి అదే మొదటి ఆసుపత్రి ఓడ. హోలీ క్రాస్ సన్యాసినులతో పాటు నల్లజాతి స్త్రీలు అందులో నర్సులుగా పనిచేశారు. వారిలో ఆన్ బ్రాడ్‌ఫర్డ్ స్టోక్స్ అంతకుముందు బానిస. 1890లో తన సేవకే ఆమె పింఛను సంపాదించింది.

రెండేళ్ల కిందట మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు విక్స్‌బర్గ్‌లో ఈ ఏడు తాబేళ్లలో ఒకటైన కైరోను చూశాను. పేరు ఈజిప్టు రాజధానిది కాదు, ఇలినాయ్‌లోని రేవు పట్టణానిది. 1862 డిసెంబరు 12న యాజూ నదిలో, తుపాకిమందు నింపిన గాజు కూజాలు అడుగున పేలి, 12 నిమిషాల్లో మునిగింది. ప్రాణనష్టం లేదు. 1956లో జాడ తెలిసింది. 1964లో పైకి లాగేటప్పుడు ఇనుప తాళ్లు చెక్కలోకి దిగబడి ముక్కలైంది. ఆ ముక్కలనే కొత్త కలప చట్రం మీద పేర్చి, పైన గుడారం కప్పు వేశారు. పాత చెక్క నల్లగా, కొత్త చెక్క లేత రంగులో ఉన్నాయి. ఏది అసలుదో, ఏది అతుకో దాచలేదు. పక్క గదిలో నావికుల బూట్లు, సీసాలు, భోజనపు గిన్నెలు.

అక్కడ నిలబడి నేను తలచుకున్నది దుమ్ముగూడెం. ఆ యుద్ధంతో అమెరికా పత్తి అందక ఇంగ్లండులోని మాంచెస్టర్ బట్టల మిల్లుల చూపు మన దేశం మీద పడింది. బేరార్ పత్తిని గోదావరి మీదుగా సముద్రానికి దించాలని దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, లాకులు కట్టారు. ఎగువన మరో రెండు రాతి అడ్డంకులు దాటాల్సి ఉండగా 1871లో పని ఆపేశారు. మిసిసిపీ మీద పత్తి బేళ్లు కవచాలైన కాలంలో పత్తికి బాట కాబోయిన మన నది, చివరికి కాకుండానే ఆగిపోయింది.

2027 పుష్కరాలకు ఘాట్ల పనుల మాట వినిపిస్తోంది. ఆ పద్దులోనే రాజమహేంద్రవరం రేవులో ఒక పెద్ద షెడ్డుకు చోటివ్వాలని అధికారులను కోరుతున్నాను. అందులో ఒక గూటి పడవ, ఒక పాత లాంచీ, ఒక పంటు పెట్టాలి. విరిగినవైనా ఫరవాలేదు, కైరో కూడా విరిగినదే.

మా పేటలో ఎనభై దాటిన సరంగు ఒకరున్నారు. ఇక్కడి నుంచి భద్రాచలం దాకా ఏ మలుపులో ఏ నెలలో ఎంత లోతుంటుందో ఆయనకు నోటికి వచ్చు. ఎవరైనా రాసుకుంటానంటే చెబుతానంటున్నారు. మీ విలేకరిని పంపితే ఇల్లు నేను చూపిస్తాను. పొద్దున పది లోపు వస్తే మంచిది, ఆ తర్వాత ఆయన నిద్రపోతారు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
రాజమహేంద్రవరం