ఇంటి బోరు నీళ్లకు పరీక్ష చేసేదెవరు?

సంపాదకుడికి,

అయ్యా,

మా పక్కింటి పాపకు ఎనిమిదేళ్లు. నవ్వితే ముందు పళ్ల మీద గోధుమరంగు చారలు కనిపిస్తాయి. ఫొటో తీస్తామంటే చేత్తో నోరు మూసుకుంటుంది. పుట్టినప్పటి నుంచీ తాగింది ఇంటి బోరు నీళ్లే. తేటగా ఉంటాయి, వాసన లేదు, పప్పు కూడా చక్కగా ఉడుకుతుంది. ఇంకెవరికి అనుమానం వస్తుంది? నిరుడు పరీక్ష చేయిస్తే ఫ్లోరైడ్ లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటింది. తాగునీటి ప్రమాణాల ప్రకారం 1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 వరకు సరిపెట్టుకోవచ్చు.

మా కనిగిరి వైపు ఇది కొత్త జబ్బు కాదు. అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఫ్లోరోసిస్, అంటే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు చెడే జబ్బు, ఉందని 1937లోనే వైద్యులు రాశారు. అయినా ఈనాటికీ లక్ష పైన పోసి బోరు వేయించి, ఎన్ని అంగుళాల నీళ్లు పడ్డాయని అడుగుతాం గానీ ఎలాంటి నీళ్లు పడ్డాయని అడగం. కాచి తాగుతున్నాం కదా అంటారు కొందరు. కాస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

ఫ్లోరైడ్ రాళ్లలోంచి వస్తుంది. మనం చేతులారా కలుపుతున్న విషం ఇంకొకటుంది. మా వీధి చివర ఎండిపోయిన బోరులోకి, భూగర్భ జలం పెరుగుతుందన్న ఆశతో, వాన నీళ్లతో పాటు మురుగు కాలవనూ తిప్పారు. రాతినేలలో నీళ్లు పగుళ్ల వెంట పరుగెడతాయి, మట్టిలో వడకట్టుకునే వ్యవధి ఉండదు. పది రోజులకే రెండిళ్ల అవతలి బోరు నీళ్లు కంపు కొట్టాయి. ఆ నీళ్లను బ్యాక్టీరియా పరీక్ష సీసాలో పోసి పెడితే మర్నాటికి నల్లగా మారాయి. మలమూత్రాల క్రిములు చేరాయనడానికి అది గుర్తు. దయచేసి గమనించండి, కంకర, ఇసుక పోసిన ఇంకుడు గుంత వేరు, నేరుగా బోరులోకి మురుగు వదలడం వేరు. కేసింగ్ పైపు చుట్టూ సందు పూడ్చకుండా, సెప్టిక్ ట్యాంకు పక్కనే బోరు వేసినా జరిగేది ఇదే.

పంచాయతీ కుళాయి నీళ్లకు అప్పుడప్పుడైనా పరీక్ష జరుగుతోంది. సొంత బోరును అడిగే దిక్కు లేదు. నీరు, భూమి, చెట్లను కాపాడే వాల్టా చట్టం కింద బోరుకు అనుమతి ఇస్తున్నారు కాబట్టి, నీళ్లు పడ్డాక ఫ్లోరైడ్, నైట్రేట్, బ్యాక్టీరియా పరీక్షలు తప్పనిసరి అని అందులోనే రాయాలి. ఇంటింటికీ కుళాయి నీళ్లిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ కింద నీటి పరీక్ష కిట్లు వాడడం నేర్చుకున్న మహిళలు ఊళ్లలో ఉన్నారు. వాళ్లకు తగిన భత్యం ఇచ్చి, వానలు వెనకబట్టాక ఏటా ఇంటింటి బోరు నీళ్లూ చూడమనాలి. ఫలితాలు ఊరి సచివాలయం గోడ మీద అతికించాలి. ముందుగా, ఈ వానాకాలం లోపు, ఎండిన బోర్లలోకి తిప్పిన మురుగు కాలవలన్నీ మూయించాలని అధికారులను వేడుకుంటున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కనిగిరి ప్రాంతం