సీటు కాదంటే కారణం రాసివ్వాలి
డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకు బెంగళూరులో కొన్ని ప్రైవేటు బడులు ఏదో ఒక సాకుతో సీటు ఇవ్వడం లేదు. మారతహళ్లిలో మా పక్కింటి పాపను చేర్చబోతే ‘మిగతా పేరెంట్స్ ఒప్పుకోరండీ’ అని నోటితో చెప్పి, కాగితం మీద మాత్రం ‘ఖాళీలు లేవు’ అని రాశారు. డౌన్ సిండ్రోమ్ అంటువ్యాధి కాదు, అసలు జబ్బే కాదు. 21వ క్రోమోజోము రెండుకు బదులు మూడు ఉండటం. నేర్చుకోవడం కాస్త నిదానం. ఆ పాప ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడుతుంది (నాకు పదేళ్లయినా కన్నడం రాలేదు). గుర్తింపు పొందిన బడులు వైకల్యం పేరుతో ప్రవేశం నిరాకరించకూడదని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చెబుతోంది. సీటు కాదన్న ప్రతిసారీ అసలు కారణం రాసి, ప్రిన్సిపాల్ సంతకంతో ఇవ్వాలని విద్యాశాఖ ఆదేశించాలి. దాన్ని బ్లాక్ విద్యాధికారి నెలలోపు విచారించాలి.
– ఒక పాఠకురాలు, మారతహళ్లి, బెంగళూరు